పదకొండు మంది శ్రీనివాసులు, ఒక ఖాళీ గడి

ఒకే సోమవారం పొద్దున పదకొండు మంది శ్రీనివాసుల చేత తిట్లు తిన్న మనిషి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ పదకొండోవాణ్ణి నేనే కాబట్టి, లెక్క తగ్గకుండా నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంతటి ఘనకార్యం ఊరికే జరగలేదండీ. దాని వెనక నా తెలివితేటలున్నాయి.

తొంభైల చివర. హైటెక్ సిటీలో గోడలకు రంగు వాసన ఇంకా పోలేదు. కాకినాడ నుంచి వచ్చి అక్కడొక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే పనిలో చేరి ఆరు నెలలు కావస్తోంది. ఆరో నెలాఖరున పర్మనెంట్ చేస్తూ ఉత్తరం ఇస్తారు. దానికోసం నాకంటే ఎక్కువగా ఎదురు చూస్తున్నది నాకు కాబోయే మామగారు, అంటే సునీత వాళ్ల నాన్నగారు. ఆయన ప్రభుత్వోద్యోగి. "పర్మనెంటు కాగితం కళ్లజూశాకే ముహూర్తం" అని తేల్చి చెప్పేశారు. నేను మాత్రం పెళ్లికి బట్టలు కూడా కుట్టించేసుకున్నాను. నా మీద నాకంత నమ్మకం!

ఆ రోజుల్లో ఎవరి ఈమెయిల్ చిరునామాలు వాళ్ల కంప్యూటర్లోనే ఉండేవి, అవీ సగం తప్పులే. అందుకని అందరి చిరునామాలూ ఒకేచోట పెట్టి, ప్రతి కంప్యూటర్లోని మెయిల్ ప్రోగ్రామునూ దానికి కలపమన్నారు. పేరులో నాలుగక్షరాలు కొడితే చాలు, చిరునామా దానంతటదే రావాలి. "రెండు రోజుల్లో అవగొడతాను సార్" అన్నాను. ఒకటిన్నర రోజులో అవగొట్టాను.

చిక్కంతా శ్రీనివాసులతో వచ్చింది. కంపెనీలో పదకొండు మందిమి. అందులో కె. శ్రీనివాస్‌లే అయిదుగురు. మా మేనేజరూ కె. శ్రీనివాసే, నేనూ కె. శ్రీనివాసే. జాబితా ఎక్కిస్తుంటే ఎవరు ఎవరో నాకే తెలియలేదు. అప్పుడు కనిపించింది, ప్రతి పేరు కిందా 'వివరణ' అనే ఖాళీ గడి. అది నాకు తప్ప ఎవరికీ కనపడదని నాకు నేనే నిర్ణయించేసుకుని, క్యాంటీన్లో జనం పెట్టుకున్న ముద్దుపేర్లన్నీ అందులో కొట్టేశాను. మనవాళ్లకు పేర్లు ఒకటైతే ముద్దుపేర్లే కదా దిక్కు! మీసాలు. సెంటుబుడ్డి. మీటింగులో గుర్రు. మేనేజరుగారికి 'అరిగిన రికార్డు'. నాకు 'చురుకు'.

పరీక్షించకుండా వదిలానని అనుకోకండి. హెచ్ఆర్‌లో సుజాత గారి పేరు కొట్టి చూశాను, చక్కగా వచ్చింది. సుజాతలు మా కంపెనీలో ఒక్కరే. ఆమె గడి ఖాళీ. దర్జాగా ఇంటికెళ్లిపోయాను.

సోమవారం పదింటికి మొదటి ఫోన్.

"ఏమండీ, నా పేరు పక్కన సెంటుబుడ్డి అని వస్తోందండీ. వైరస్సంటారా?"

"వైరసే అయ్యుంటుందండీ. తుడిచేద్దాం."

రెండో ఫోన్. "అన్నా, గుర్రు అంటే నేనేనా?"

"ఛ ఛ, మీరెందుకవుతారు?"

"మరి నా పేరు పక్కనే ఎందుకున్నది?"

అది పెట్టేస్తే ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి, అందరివీ అవే తిట్లు. చివరికి పదో ఫోన్ మోగింది. మేనేజరుగారు. "ఇగ పైకి రా."

వెళ్లేసరికి ఆయన తెర మీద పదకొండు పేర్లూ, పక్కన పదకొండు బిరుదులూ బారులు తీరి ఉన్నాయి. పక్క కుర్చీలో సుజాత గారు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"గిదేంది? అరిగిన రికార్డా? నేనా? నేనా అరిగిన రికార్డు? ఎవరు, నేనా?"

"రెండు నిమిషాల్లో తీసేస్తాను సార్" అని మెట్లు మూడేసి చొప్పున దిగాను. సునీత ముఖం, మామగారి కళ్లజోడు, కుట్టించిన బట్టలు, అన్నీ కళ్లముందు తిరిగాయి. నిజంగా భయమేసింది. ముద్దుపేర్లన్నీ ఒక్కటి మిగలకుండా చెరిపేసి, వగరుస్తూ మళ్లీ పైకెక్కాను.

"తీసేశాను సార్!"

"ఎందుకు తీసినవయ్యా? రెండేండ్ల సంది అందరు శ్రీనివాసుల మెయిళ్లు నాకే వచ్చి పరేషాన్ అయితున్న. ఇయ్యాల పొద్దుగాల సంది ఒక్కటి రాలే. నీ తెలివి మంచిగనే పనిచేసింది."

"అయితే నా ఉద్యోగం...?"

"ఫికర్ చేయకు. నీ పర్మనెంట్ లెటర్ ఇప్పుడే మెయిల్ కొట్టిన."

ఆయన చేతులు పట్టుకున్నంత పనిచేసి, వచ్చి నా సీట్లో కూర్చున్నాను. మెయిల్ రాలేదు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఇంతలో రెండో అంతస్తులో చప్పట్లు. శేరిలింగంపల్లి కుర్రాడొకడు, చేరి తొమ్మిది రోజులైన ఇంకో కె. శ్రీనివాస్, దూద్‌పేడాల డబ్బాతో వచ్చాడు.

"అన్నా, తొమ్మిది రోజులల్ల పర్మనెంట్ చేసిన్రు! ఈ కంపెనోళ్లకు మనుషుల విలువ తెలుసన్నా. తీసుకో, ఇంకోటి తీసుకో."

నేను ముద్దుపేర్లు తుడిచిన మరుక్షణమే మేనేజరుగారు నాకు ఉత్తరం పంపారు. తెర మీద అయిదుగురు కె. శ్రీనివాస్‌లు కవల పిల్లల్లా నిలబడితే, ఆయన చేతికందిన వాణ్ణి నొక్కారు. దూద్‌పేడా చేత్తో పట్టుకునే మళ్లీ పైకి పరిగెత్తాను.

"ఇచ్చిన లెటర్ ఎట్ల గుంజుకుంటం? వాడు మిఠాయి గూడ పంచె" అన్నారు మేనేజరుగారు. "ఇప్పుడు ఉన్నది ఒక్కటే పోస్టు. జర మూడు నెలలు ఆగు."

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి కాకినాడకు ఫోన్ చేశాను.

"ఏమయ్యా, కాగితం వచ్చిందా?" అన్నారు మామగారు.

"వచ్చిందండీ."

"శ్రీనివాస్ అనే ఉందా?"

"కె. శ్రీనివాస్ అనే ఉందండీ."

"ఇంకేం, శుభం! రేపే పోస్టులో పంపెయ్."

"అదేనండీ... వాణ్ణి అడగాలి."

ముహూర్తం మూడు నెలలు వెనక్కి వెళ్లింది. కనుక పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సాటి మనిషి మీద నా అభిప్రాయాన్ని ఏ కంప్యూటరులోని ఏ ఖాళీ గడిలోనూ ఇక జన్మలో రాయను. పొరపాటున రాసినా, నాకు రావలసిన ఉత్తరం నా చేతికొచ్చేదాకా మాత్రం చచ్చినా చెరపను.