పదును వచ్చేలోపల ఘాట్ ప్రయాణం

తుమకూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది చిక్కమగళూరు దగ్గర ఊరు. చలికాలం మొదట్లో ఇంటికి వెళ్లి వచ్చినప్పుడల్లా ఆమె ఘాట్ రోడ్డు గురించి చెప్పేది. ఆ రోజుల్లో కొండమీద అడవి రంగు మారుతుందట. టేకు ఆకు పసుపుకు తిరుగుతుందట, నంది చెట్టు తోమిన రాగి చెంబులా ఎర్రబడుతుందట, బస్సు మలుపు తిరిగిన ప్రతిసారీ లోయ ఇంకో రంగులో కనిపిస్తుందట. ఆమెకు అదేమంత విషయం కాదు, జడ వేసుకుంటూ చెప్పేది. నేను మాత్రం పుస్తకం మూసి వినేదాన్ని. ఆకులు ఎందుకు రంగు మారతాయో బోటనీలో చదివాను, పరీక్షలో బొమ్మ వేసి రాశాను, కానీ ఎన్నడూ చూడలేదు. మా పావగడ వైపు చెట్లంటే తుమ్మ, చింత, కానుగ. ఏడాదంతా దుమ్ము పట్టిన పచ్చదనమే.

ఒకసారి తనతో రమ్మంది. ఆ ఏడే నాకు పెళ్లి కుదిరింది. వెళ్లడం కుదరలేదు.

అత్తగారి ఊరు వై.ఎన్.హొసకోట నుంచి బస్సు దిగి కొంచెం దూరం నడిచే పల్లె. వేరుశనగ తప్ప వేరే పంట లేని ఇల్లు. పాప పుట్టాక నా ఆలోచనలన్నీ దాని చుట్టూనే తిరిగేవి. దగ్గితే భయం, దగ్గకుండా ఎక్కువసేపు నిద్రపోయినా భయం. అయినా కార్తీకం వచ్చి పొద్దున పూట గాలి చల్లబడితే చాలు, ఆ రోడ్డు గుర్తొచ్చేది. నేను ఎన్నడూ వెళ్లని రోడ్డు మీద బెంగ పెట్టుకోవడం ఏమిటని నాకే వింతగా ఉండేది. మా ఆయనకు ఒకటి రెండుసార్లు చెప్పాను. ఆయన విని ఊరుకున్నాడనుకున్నాను.

పాపకు రెండో ఏడు నడుస్తున్నప్పుడు వానలు ఆలస్యంగా వచ్చాయి. శ్రావణంలో విత్తనం వేశారు. పంట కార్తీకం చివరికి తయారైంది కానీ అప్పటికి చాలా రోజులుగా చినుకు లేదు. మా ఎర్రనేల ఎండితే రాయిలా బిగుస్తుంది. అలాంటి నేలలో వేరుశనగ చెట్టు పీకితే పైన ఆకు చేతికొస్తుంది, కాయలు భూమిలోనే ఉండిపోతాయి. ఒక్క మంచి వాన పడి నేల మెత్తబడాలి. ఆ తడినే పదును అంటారు. పదును వచ్చిందంటే ఇంటికి తాళం వేసి అందరూ చేనులో ఉండాల్సిందే. ఆలస్యం చేస్తే నేల మళ్లీ బిగుస్తుంది, లేదంటే కాయ భూమిలోనే మొలకెత్తుతుంది. పదును వచ్చేదాకా మాత్రం ఎవరికీ పని ఉండదు. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని తూర్పు దిక్కు చూస్తుంటారు.

అలా చూస్తూ చూస్తూ ఒక సాయంత్రం మా ఆయన అన్నాడు: “ఊరికే కూర్చోని యాం చేస్తాం? నువ్వు చెప్తావుంటివే, ఆ ఘాటు. పదును వచ్చేలోపల పోయొద్దామా?”

నేను చేస్తున్న పని ఆపేశాను. నిజంగానే అంటున్నాడా అని ఆయన ముఖం చూశాను. అప్పటికే మా మరిదితో మాట్లాడి వచ్చాడట. మరిదంటే మా చినమామ కొడుకు. అతనికి ఒక వ్యాను ఉండేది. కాయల కాలంలో మూటలు, మిగతా కాలంలో పెళ్లి జనం. అప్పుడు అదీ ఖాళీగానే ఉంది. గురువారం తెల్లవారి బయలుదేరి, శిరా మీదుగా కడూరు చేరి, రాత్రికి చిక్కమగళూరులో నా స్నేహితురాలి బంధువుల ఇంట్లో పడుకుని, మర్నాడు ఘాట్ ఎక్కి దిగి వచ్చేయాలని అనుకున్నారు.

ఇంట్లో చెప్పినప్పుడు మరిది కూడా ఉన్నాడు. మా అత్త బియ్యం చెరుగుతూ అడిగింది.

“ఆడ ఏ దేవుడుండాడు?”

“దేవుడి కోసం కాదత్తా. కొండలు, చెట్లు. ఆకులు రంగు మారింటాయి, చూసేదానికి.”

“మొక్కుబడి ఏమన్నా ఉండాదా?”

“లేదత్తా.”

“ఉండాడు పెద్దమ్మా, ఆకుల సామి,” అన్నాడు మరిది. “అందరు దేవుళ్లకూ మనం గుండు చేయించుకుంటాం. ఈ సామి మాత్రం ఏటేటా తనే గుండు చేయించుకుంటాడు.”

అత్త చేటతో వాడిని కొట్టబోయి నవ్వింది. మామ నవ్వలేదు. ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

“రంగు యాలమ్మా మారేది? తెగులా?”

“తెగులు కాదు మామా. చలికి పండుబారి రాలిపోతాయి.”

“అంతా రాలిపోతాదా?”

“అంతా.”

“మరి పశువులు?”

అడవి ఆకు మీద ఆధారపడ్డ పశువులు లేవని చెప్పాను. ఆయన తువ్వాలు మెడ చుట్టూ సర్దుకున్నాడు. మా ఇంట్లో ఆకు పసుపుబారడమంటే చేనుకు తిక్క తెగులు తగలడం. ఆకు రాలడమంటే ఎద్దుల వామికి మేత తగ్గడం. “మన చెట్టు పండుబారితే నాకు ముద్ద దిగదు,” అన్నాడు చివరికి. “ఆడికి జనాలు దుడ్లు పెట్టుకోని చూసేకి పోతారా. సరేలేమ్మా, సదువుకున్నదానివి. పోయి రాండి.”

ఆ వారమంతా సిద్ధం కావడంలోనే గడిచింది. పాపకు బస్సు ప్రయాణం పడదు, మధుగిరి దాకా వెళ్లినా రెండుసార్లు కక్కుతుంది. ఘాట్ మలుపుల్లో ఎలాగో అని నిమ్మకాయలు తెచ్చిపెట్టాను, పాత చీరలు చింపి గుడ్డలు మడిచాను. కొండమీద చలి ఎంత ఉంటుందో తెలియదు. మా అమ్మ అల్లిన స్వెటరు బిగుతైందని దాని చేతులు విప్పి మళ్లీ అల్లాను. జ్వరం వస్తే అక్కడ డాక్టరు ఎవరు? ఆ ఇంటివాళ్ల పాలు దీనికి పడతాయా? ఇన్ని భయాల మధ్యలో కూడా ఉన్నట్టుండి లోపల ఏదో తేలికయ్యేది. వ్యాను కిటికీ పక్కన కూర్చోవాలి, పాపను ఒళ్లో పెట్టుకుని మొదటి ఎర్రచెట్టు చూపించాలి. ఇంత చిన్న పిల్లకు గుర్తుండదని తెలుసు. నాకు గుర్తుంటుంది.

ఈ ప్రయాణం నిలిచి ఉన్నది వాన రాకపోవడం మీదే. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. సాయంత్రం అత్త దీపం పెట్టి, సామీ ఒక్క వాన పంపు అని చేతులు జోడిస్తే, పక్కన నిలబడిన నేనూ చేతులు జోడించేదాన్ని. ఏమీ అడిగేదాన్ని కాదు. రేడియోలో బంగాళాఖాతం మాట వినిపిస్తే మామ దాని గొంతు పెంచేవాడు, నేను వంటింట్లో గిన్నెలు కడగడం ఆపి వినేదాన్ని.

బుధవారం మధ్యాహ్నం మరిది వ్యాను మా ఇంటి ముందు నిలబెట్టి, లోపల గడ్డి వేసి దాని మీద బొంతలు పరిచి, నిమ్మకాయల సంచి మూలన పెట్టాడు. పాప అందులోకి ఎక్కి దిగనంటే దిగనని కూర్చుంది. నేను లోపల సంచి సర్దుతున్నాను. వెలుతురు తగ్గినట్టనిపించి బయటికి వచ్చాను. తూర్పున కొండలు కనిపించడం లేదు. మబ్బు నల్లగా దగ్గరికి వస్తోంది. మట్టి వాసన ముందు వచ్చింది, తర్వాత పెద్ద పెద్ద చినుకులు.

ఊరంతా వాకిళ్లలోకి వచ్చింది. అత్త చూరు కింద బిందెలు పెట్టింది. మా ఆయన చొక్కా విప్పి వానలో నిలబడ్డాడు. మరిది బొంతలు తడవకుండా వ్యాను తలుపు మూసి, లోపల పాపను కూర్చోబెట్టుకుని గట్టిగా పాడుతున్నాడు. వాన ఆగకుండా పొద్దు గుంకేదాకా కురిసింది. అందరి ముఖాలూ చూశాను. అంత సంతోషం ఆ ఇంట్లో చాలా రోజులుగా చూడలేదు. నాకూ సంతోషంగానే ఉంది. లోపల సగం సర్దిన సంచి అలాగే ఉంది.

మామ చేను దాకా వెళ్లి, పిడికెడు మట్టి తెచ్చి వేళ్ల మధ్య నలిపాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. “బండి తెచ్చినాడు. పిల్లా తయారైండాది. మీరు పోండమ్మా. కూలోళ్లను నేను చూసుకుంటా.”

నేను ఏం చెప్తానోనని మా ఆయన నావైపు చూస్తున్నాడు. మామ ఉత్తి మాటగా అనలేదు. వెళ్తామంటే పంపేవాడే. కానీ పదును వచ్చిన రోజు ఊళ్లో అందరికీ కూలీలు కావాలి, ఆ ముసలాయన ఎవరి గడప తొక్కుతాడు?

“పోములే మామా,” అన్నాను. “బండి ఉండాది గదా, వల్లూరు నుంచి కూలోళ్లను పిల్చుకొచ్చేకి పనికొస్తాది.”

గురువారం తెల్లవారి ఆ వ్యాను బయలుదేరింది, వల్లూరు వైపు. తిరిగి వచ్చినప్పుడు అందులో నుంచి ఆడవాళ్లు నవ్వుకుంటూ దిగారు. వాళ్లలో ముందు దిగిన పెద్దామె నడుం మీద చెయ్యేసుకుని నన్ను చూసింది. “ఏంది రెడ్డెమ్మా, మాకు బొంతలు పరిపించినారు, నిమ్మకాయలు పెట్టినారు. మమ్మల్ని పనికి పిల్చినారా, శోభనానికి పిల్చినారా?” చేను గట్టు దాకా ఆ నవ్వు ఆగలేదు.

నేల మెత్తగా ఉంది. చెట్టు పట్టుకుని లాగితే కాయలతో సహా ఇట్టే వచ్చేది. పాపను గోనెపట్ట మీద కూర్చోబెట్టి నేనూ ఒక సాలు పట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎక్కడికి పోవాలనుకున్నామని పెద్దామె అడిగింది. చెప్పాను. కొండ, మలుపులు, పసుపు, రాగి రంగు. చూసినదానిలాగే చెప్పాను. ఆడవాళ్లు తినడం ఆపి విన్నారు. “అంత బాగుంటాదా?” అంది ఒకామె. ఉంటుందట అన్నాను.

పీకుడు, కుప్ప, కాయలు కొట్టడం అయ్యేసరికి సంక్రాంతి దాటింది. అప్పటికి ఆ కొండల మీద ఆకు రాలిపోయి ఉంటుంది. తర్వాతి ఏడు వానే లేదు, చేనులో పీకడానికి ఏమీ లేదు. పదును కోసం ఎదురుచూసే పని లేకపోయినా ఎవరికీ ఎక్కడికీ వెళ్లాలనిపించలేదు.

ఈ ఏడు దసరాకే పదును వచ్చి కాయ ఇల్లు చేరింది. కార్తీకంలో అందరూ ఖాళీ. మరిది అడగకుండానే వ్యాను తెస్తానన్నాడు. కానీ నాకు ఏడో నెల. ఆ మలుపుల్లో కుదుపులు వద్దంటే వద్దని డాక్టరమ్మ చెప్పింది.

నిన్న మా ఆయన పావగడ వెళ్లినప్పుడు, ఆ కొండల మీదుగా ధర్మస్థలకు పోయే బస్సు డ్రైవరును పట్టుకుని అడిగాడట, ఘాట్‌లో ఆకులు రంగు తిరిగాయా అని. “నేను మలుపులు చూసేదా, చెట్లు చూసేదాప్పా?” అన్నాడట డ్రైవరు. తర్వాత బీడీ ముట్టించుకుని, ఎవరికి కావాలని అడిగాడట. మా ఇంట్లోదానికి అని చెప్పాడట మా ఆయన.

అయితే ఈసారి చూస్తానన్నాడట డ్రైవరు. ఆ బస్సు శనివారం తిరిగొస్తుంది.