ఎంగిలేసన్న, ముప్ఫై బాతు పిల్లలు

ఏసన్న ఈ లోకంలో నమ్మేది ఒక్క తన నాలికనే. ఏది చేతికొచ్చినా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపు నమిలితే గాని అది మంచిదో చెడ్డదో తేల్చడు.

విత్తే ముందు చేనిమట్టి తింటాడు. ఎద్దులకు నానబెట్టిన పత్తిగింజలు ముందు తాను నములుతాడు. ఒకసారి ఆదోని సంతలో సబ్బుబిళ్ల కొరికి నురగ కక్కుతూ "కారం ఎక్కువుందప్పా" అంటే, అంగడాయన మూర్ఛ వచ్చిందనుకుని గబగబా తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టాడు. ఎమ్మిగనూరులో దుప్పటి అంచు నమిలి "గంజి పలచనైంది" అన్నప్పుడు, నేసినాయన మాట పడిపోయి మగ్గం గుంతలోనే కూలబడ్డాడు. ఆ తర్వాత ఏసన్న ఆ వీధి మలుపు తిరిగితే చాలు, దుప్పట్లు మడిచి లోపల దాచేవారు. అబద్ధమనుకుంటే పోయి అడగండి. దాచినవి ఇంకా బయటికి తీసి ఉండరు.

ఇంతటి మనిషికి ఎంగిలేసన్న అని పేరు పెట్టింది ఆయన తమ్ముడు దావీదు పెళ్లాం దానమ్మ. యాభై రెండు కరువులో పెట్టింది. అప్పుడు పెద్దకడుబూరు దగ్గర వాళ్ల ఊళ్లో గంజి కేంద్రం తెరిచారు. ఒకనాడు గంజితో పాటు ఎక్కడిదో పాలపిండి డబ్బా దిగింది. దాన్ని కలిపి పసిపిల్లలకు పోస్తామన్నారు. దానమ్మ ఏడాది పిల్లను చంకనేసుకుని వరసలో అందరికంటే ముందు నిలబడింది. ఇంతలో ఏసన్న వరసను తోసుకుని వచ్చి, చెంబు లాక్కుని, మొదటి చెంబెడు పాలు గటగటా తానే తాగేశాడు. తాగి, మూతి తుడుచుకుని, ఎదురుగా బండమీద కూర్చున్నాడు.

దానమ్మ నిలువుగుడ్లేసింది. "పసిబిడ్డలు నోళ్లు తెరుసుకోని వుంటే నువ్వు ముందర ఎంగిలి జేస్తావా బావా! నీది నోరా, బొరియా?" అని ఊరంతా వినేటట్టు అరిచింది. ఆనాటి నుంచీ ఆయన ఎంగిలేసన్న. ఆనాటి నుంచీ దానమ్మ గడప దాటి ఆయన వేలు ఏ గిన్నెలోనూ పడటానికి వీల్లేదు. అన్నకూ పెళ్లానికీ మధ్య దావీదు ఆరేళ్లు నలిగిపోయాడు గాని, దానమ్మ కరగలేదు.

తర్వాత తుంగభద్ర కాలువ వచ్చింది. కాలువ వెంబడి వరి వచ్చింది. వరి కోతలవగానే నెల్లూరు నుంచి బాతులవాళ్లు వచ్చారు. జొన్న, పత్తి, వేరుశనగ తప్ప ఎరగని ఊరికి వెయ్యి బాతులు ఒక్క కట్టె మాట విని వరసగా నడవడం కొత్త వింత. పిల్లలు బడి ఎగ్గొట్టి చూశారు. పంతులు పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చి తానూ చూశాడు. దానమ్మయితే చూస్తూ చూస్తూ మతి పోగొట్టుకుంది. పాలిచ్చే మేకను వాళ్లకు తోలిచ్చి, రెండు రోజుల వయసున్న ముప్ఫై బాతు పిల్లల్ని బుట్టలో వేసుకుని వచ్చింది.

దావీదు అప్పుడు ఊళ్లో లేడు. కాలువ పనికి పోయి నెలాఖరుకు వస్తానన్నాడు. ఆ మేకను చిన్నపిల్లగా ఉన్నప్పుడు భుజాన వేసుకుని ఆలూరు నుంచి నడిచి తెచ్చుకున్నవాడు. మేక పోయిందంటే ఎలాగూ గుండె ఆగుతుంది. బాతులు కూడా పోయినాయంటే దానమ్మ ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

ఆ భయంతోనే మొదటిరోజు బాతు పిల్లలకు కడుపునిండా పొడి జొన్ననూకలు పోసింది. ఒక పిల్ల గబగబా మింగి, మెడ సాచి, కళ్లు తేలేసింది. దానమ్మ కెవ్వుమంది. రెండిళ్ల మధ్య ముళ్లకంప దడి అవతల నుంచి ఏసన్న ఒక్క దూకు దూకి వచ్చి పళ్లెం ముందు కూలబడ్డాడు. పిల్లను ఎత్తుకుంటాడేమోనని అందరూ చూస్తుంటే, పిడికెడు పొడినూకలు తీసి తన నోట్లో పోసుకున్నాడు.

"పిల్ల సస్తాంటే నీకు మేతా బావా!"

ఏసన్న నమిలాడు. మింగాడు. దగ్గాడు. ఆయన మెడా సాగింది, ఆయన కళ్లూ తేలిపోయినాయి. "నీళ్లు, నీళ్లు" అని సైగ చేశాడు. ఎవరో చెంబు ఇస్తే, ముందు పిల్ల ముక్కు అందులో ముంచి, అది నాలుగు గుక్కలు తాగాక, మిగిలింది తాను తాగాడు.

"మనిషినే గొంతు పట్టినాది," అన్నాడు ఆయాసపడుతూ. "అది యేలెడు పిల్ల. నూకలు నానబెట్టు. పక్కన ముక్కు మునిగేంత లోతు నీళ్లు పెట్టు."

"నా గిన్నెలో యేలు పెట్టొద్దని సెప్పినా గదా."

"గడప బయట పళ్లెం గదమ్మా ఇది. నీ మాట యాడ తప్పినా?"

దానమ్మ మూతి ముడుచుకుని నూకలు నానబోసింది. ఆనాటి నుంచి పొద్దునా సాయంత్రం ఏసన్న వచ్చేవాడు. పళ్లెం పక్కన గొంతుక్కూర్చుని మేతను మూడు వేళ్లతో తీసి రుచి చూసేవాడు. ముప్ఫై పిల్లలూ మెడలెత్తి ఆయన దవడ ఆగేదాకా చూసేవి. ఆగగానే మీద పడేవి. వారం తిరిగేసరికి ఆయన నమలందే అవి మేత ముట్టేవి కాదు. ఏసన్న ఒకనాడు ఎద్దుల కోసం కోడుమూరు పోతే సాయంత్రం దాకా ఉపవాసమున్నాయని దానమ్మే స్వయంగా ఊరికి చాటింది, శాపనార్థాలతో సహా.

పదోరోజు ఇంకో ఉపద్రవం వచ్చింది. పిల్లలు కాళ్లు వంకర్లు పోయి, తాగుబోతుల్లాగ మోకాళ్ల మీద దేకడం మొదలుపెట్టాయి. "మనకు జొన్న సాలు, వీటికి సాలదు," అన్నాడు ఏసన్న. మర్నాడు ఎమ్మిగనూరు బియ్యం మిల్లుకు నడిచిపోయి, తవుడు మూట భుజాన వేసుకుని వచ్చాడు. మూతి నిండా తవుడే.

"దోవలో ఎంత తిన్యావు బావా?"

"సూసినా. తియ్యగా వుంది. నా మోకాళ్లు గూడా కొంచిం గట్టిపడినట్లుండాయి."

నానిన నూకల్లో సగానికి సగం తవుడు కలిపారు. నాలుగైదు రోజుల్లో పిల్లలు కాళ్ల మీద లేచి నిలబడ్డాయి. దానమ్మ ఆ గొప్పంతా తన ఖాతాలో వేసుకుంది.

అంతటితో ఆగితే అది ఏసన్న కథే కాదు. బాతులకు నీచు కూడా కావాలని నెల్లూరు వాళ్లు చెప్పి పోయారు. ఆదివారం ప్రార్థన అయిపోయి జనం బయటికొచ్చేసరికి, ఏసన్న కాలువగట్టున ఒక చేతిలో ఉడికించిన నత్త, ఒక చేతిలో వానపాము పట్టుకుని కూర్చున్నాడు. నత్తను నోట్లో వేసుకున్నాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వానపామును ఎత్తేసరికి, ప్రార్థన చెప్పే ఉపదేశి చేతిలో బైబిలు జారిపోయింది.

"ఏసన్నా! దేవుడు మన్నులో పెట్టినాడయ్యా దాన్ని!"

"దేవుడు పెట్టింది సెడ్డదైతదా అయ్యా?" అని, ఏసన్న దాని తోకను నాలిక చివరకు తాకించి, "ఉప్పగుంది. బాగుంది," అన్నాడు. ఉపదేశి రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజు తిన్నాడు గాని సేమియా వండితే మాత్రం పళ్లెం తోసేశాడు.

నెలాఖరుకు ఇంకా వారం ఉందనగా బండి లక్ష్మన్న వచ్చాడు. ఆదోని మిల్లులకు వేరుశనగ తోలే మనిషి. దానమ్మను చూసి తానూ ఇరవై పిల్లల్ని కొన్నాడు. బండిలో రెండు బస్తాల వేరుశనగ చెక్క, నూనె ఆడించగా మిగిలిన పిప్పి, ఉంది. ఎవరో షావుకారు సరుకు తుపాను వానకు తడిసి ముద్దయితే తక్కువకు వదిలించుకున్నాడట.

"దానమ్మా, తవుడు ముసలోళ్ల కూడు," అన్నాడు లక్ష్మన్న. "ఆదోనిలో సూడు, ఈ చెక్క తిని ఎద్దులు ఏనుగులైపోయినాయి. బాతుకు పెడితే వారానికంతా నెమలి!"

దానమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. పెళ్లినాటి ఇత్తడి బిందె బండిలో పెట్టి ఒక బస్తా దింపుకుంది. దావీదు వచ్చేసరికి బాతులు నెమళ్లంత ఉండాలి. అప్పుడు మేక మాట ఎవరు ఎత్తుతారు?

ఏసన్న చెక్క ముక్క విరిచి చూశాడు. లోపల పచ్చగా బూజు. నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అంతసేపు ఆయన ఎప్పుడూ నమల్లేదు. మొహం మెల్లగా వంకర పోయింది. తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇది పెట్టొద్దు."

"వానపాము బాగుంది, శనక్కాయ చెక్క బాగలేదా! ఏం నాలికప్పా నీది!"

"కొసన చేదుండాది మ్మా. రెండు దినాలు ఆగు. నేను సూస్కోని సెప్తా."

"ఇంగ సూసేదేముండాది?"

"రెండే దినాలు." దోసిలి నిండా చెక్క తీసి పంచెలో కట్టుకుని వెళ్లిపోయాడు. బాతుల మేతలో కూడా వాటా పట్టుకుపోయే మనిషిని లోకం ఎరగదని దానమ్మ వీధికి చెప్పింది.

రెండోరోజు పొద్దున ఆమె లేచి చూస్తే బస్తా లేదు. ఏసన్న దాన్ని దిబ్బ దాకా ఈడ్చుకుపోయి, గుంత తీసి, చెక్కంతా పోసి, మన్ను కప్పి పైన తొక్కుతున్నాడు. మొహం పాలిపోయి ఉంది. దానమ్మకు అదేమీ కనబడలేదు. కనబడింది ఒక్క ఇత్తడి బిందె.

"నా బిందె! నా బిందెను మన్నులో పూడిసినావు గదా! నీ నాలిక ఊడిపోనీ! ఇంగ నా బాతుల దిక్కు సూసినావంటే ఏం జేస్తానో నాకే తెల్దు!"

ఏసన్న కడుపు పట్టుకుని ఇంటికి పోయాడు. ఆపైన రెండు రోజులు వీధిలోకే రాలేదు. సిగ్గుపడ్డాడు, మంచిదే అనుకుంది దానమ్మ. బాతులు మాత్రం పళ్లెం చుట్టూ మెడలెత్తి కంప దిక్కే చూశాయి. ఎంత నానబెట్టి పెట్టినా అంటీ ముట్టనట్టు తిన్నాయి.

మూడోనాడు లక్ష్మన్న ఇత్తడి బిందె చంకన పెట్టుకుని వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దానమ్మా, నీ పిల్లలు బతికే వుండాయా?"

"బంగారట్ల వుండాయి. ఏమైనాదన్నా?"

"ఇరవైలో పదకొండు పోయినాయి మ్మా. చెక్క పెట్టిన మూడో దినం నుంచి రెక్కలు యాలాడేసి పడతాండాయి. మిగిలినోటికి పొద్దున్నుంచి తవుడే పోస్తాండా. నువ్వు పెట్టల్యా గదా? ఇదో, నీ బిందె నీకే."

దానమ్మ బిందె అందుకోవడం కూడా మరిచి, ఆరేళ్లుగా తొక్కని బావ గడప ఒక్క అంగలో దాటింది.

ఏసన్న మంచంలో చుట్టుకుని పడుకుని ఉన్నాడు. పొట్టమీద తడిగుడ్డ. పెళ్లాం మరియమ్మ మజ్జిగ పోస్తూ తిడుతోంది.

"ఏమైనాదక్కా?"

"ఏమైతాది? రెండు పూట్లా పిడికెడు పిడికెడు ఆ పాడు చెక్క దిన్న్యాడు. ఉమ్మేసేదానికి ల్యా, మింగి సూడాలంట. కడుపులో ఏమైతాదో తెలిస్తే గదా పిల్లలకు సెప్పేది అంటాడు. కక్కి కక్కి పేగులు తెగినాయి. ఆ కక్కుడుతోనే లేసిపోయి నీ బస్తా పూడిసి వచ్చినాడు, ఇంగెవరన్నా ఎత్తకపోతారని."

దానమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"ఈయప్పకు ఇదేం కొత్త?" మరియమ్మ చెంబు కింద పెట్టింది. "కరువేడు పాలపిండి డబ్బా వచ్చినప్పుడు పక్కూళ్లో దాన్ని తాగి ఎవరికో వాంతులైనాయని యినొచ్చినాడు. నిజమో అబద్దమో దేవునికే తెల్సు. చెంబెడు తాగి, పొద్దు నెత్తికెక్కేదాకా బండమీద కూసున్న్యాడు గదా. ఏమీ కాల్యా అని సైగ జేసినాకే నీ పిల్లకు పోసినారు. నువ్వు తిట్టిన తిట్లకు రాత్రంతా నవ్వతానే వుండె."

దానమ్మకు బండ గుర్తొచ్చింది. నడినెత్తిన ఎండ గుర్తొచ్చింది. అంతసేపు పోయకుండా ఎందుకు నిలబెట్టారోనని గంజి కేంద్రం వంటాయనను కూడా కలిపి తిట్టిన సంగతి మరీ బాగా గుర్తొచ్చింది. చేనిమట్టీ పత్తిగింజలూ ఒక్కొక్కటే వరసగా కళ్లముందు తిరిగాయి. సబ్బుబిళ్ల దగ్గర ఆమె తలపు ఆగింది. అది తన పిల్ల ఒళ్లంతా గజ్జి లేచినప్పుడు ఆయన ఆదోని నుంచి తెచ్చింది.

"ఎందుకు సెప్పల్యా బావా?" అంది చివరికి.

ఏసన్న ఒక కన్ను తెరిచాడు. "పేరు బాగుండె. పోనీలే అనుకున్న్యా."

నెలాఖరున దావీదు ఇంటికొచ్చాడు. కొట్టంలో మేక లేదు, మేక తాడు ఉంది. "దానీ, మేక యాడ?" అని అరవబోయి, వాకిట్లో జరుగుతున్నది చూసి తాడు పట్టుకుని ఆగిపోయాడు. ముప్ఫై బాతులు కోడిపెట్టలంతై, మెడలెత్తి వరసగా నిలబడ్డాయి. వాటి మధ్య అన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు, పాలిపోయి, చిక్కిపోయి. ఆయన ముందు ఇత్తడి బిందెలో తవుడూ నూకలూ నానబెట్టిన మేత. దానమ్మ వంగి, ఆ బిందెను రెండు చేతులా ఆయన నోటికి ఎత్తి పట్టుకుంది.

"బావా, ఎంగిలి జెయ్. అవి ఆకలిగుండాయి."

ఏసన్న మూడు వేళ్లతో తీసుకుని నమిలాడు. కళ్లు మూసుకున్నాడు. బాతులు ఊపిరి బిగబట్టాయి.

"ఉప్పు సాలదు," అన్నాడు.

దానమ్మ ఉప్పు తేవడానికి లోపలికి పోతూ, పొయ్యిమీద దావీదు కోసం వండిన పులుసు గరిటెలో తీసుకుని, గడప ఇవతలికి కూడా రాకుండా, "ఇదీ సూడు బావా, లోపలికే రా," అని పిలిచింది.

దావీదు మేకతాడు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. మేక సంగతి అడగాలని ఆయనకు గుర్తొచ్చేసరికి వారం తిరిగిపోయింది.