గంజి పెట్టిన ఫిల్టర్

బండికి కొత్త ఎయిర్ ఫిల్టర్ తెచ్చి నెల దాటింది. ఎందుకు తెచ్చావని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. మగ్గం పక్క గూట్లోనే ఉంది. బాపు, అంటే మా నాన్న, రోజూ ఆ గూట్లోంచే నూలు కండెలు తీసుకుంటాడు. అయినా చూడనట్టే ఉంటాడు.

బండిని మగ్గం గదిలోనే పెట్టాలన్నది ఆయన పట్టు. నూలు నూగంతా ఫిల్టర్‌కు పడుతుందని నేను మొత్తుకున్నా వినలేదు. ఇది కొనకముందు ఒకరోజు, నేను లేనప్పుడు ఆయనే పాత ఫిల్టర్‌ను విప్పి ఉతికాడు. అది కాగితపు ఫిల్టర్, తడికి మెత్తబడింది. మడతలు నిలవాలని మగ్గం మీది పడుగు దారాలకు పెట్టినట్టే గంజి పెట్టి, నీడలో ఆరేసి, బిగించాడు. నాకు చెప్పలేదు.

మర్నాడు చీరల మూటతో ఇద్దరం నల్లగొండ బయలుదేరాం. ఊరు దాటామో లేదో బండి నల్లపొగ కక్కి ఆగిపోయింది. రామన్నపేట దాకా తోసుకెళ్లాం. మెకానిక్ ఫిల్టర్ బయటికి తీసి గోటితో కొట్టి చూశాడు.

"గిదేందన్నా, ఫిల్టరా, అప్పడమా?"

"గంజి వెట్టిన," అన్నాడు బాపు, ఏమీ దాచకుండా.

"చాచా, చీర లెక్క అంచు గూడ నేసేది ఉండె!" అన్నాడు మెకానిక్.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"తెల్వని పనిల చెయ్యెందుకు వెడ్తవే?" అని అందరి ముందే అరిచాను.

బాపు నావైపు చూడలేదు. మెకానిక్‌తో అన్నాడు: "మావోడు బండి తుడవడు. తుడిచినోన్ని తిడ్తడు."

ఆ మాట నేను మరిచిపోలేదు. ఆయనా నా మాట మరిచిపోలేదు. ఆ రోజు నుంచి మూట ఒళ్లో పెట్టుకుని బస్సులోనే పోతున్నాడు. మునుపు స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, నా భుజం గట్టిగా పట్టుకునేవాడు. ఇప్పుడు ఒక్కణ్ణే పోతుంటే అక్కడికి రాగానే భుజం దానంతటదే బిగుసుకుంటుంది.

మెకానిక్ వేసిన ఫిల్టర్‌కు కూడా మళ్లీ నూగు పట్టింది. నల్లగొండలో దుకాణాయన మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకటి బండితో వచ్చిన దానిలాంటి కాగితపుదే. ఇంకొకటి చవకది, రబ్బరు అంచు సరిగా కూర్చోలేదు. మూడోది స్పాంజిది.

"కాయితందే నయమన్నా, పని తక్కువ. స్పాంజిదైతే మాటిమాటికి ఉతకాలె, ఆరినంక జర నూనె రాయాలె. మస్తు ఓపిక గావాలె."

ఓపిక ఉన్న మనిషి మా ఇంట్లో ఒకడున్నాడు. స్పాంజిదే తీసుకున్నాను. గూట్లో ఉన్నది అదే.

ఇవాళ మగ్గం ముందు నిలబడి నేనే అడిగాను.

"బాపూ, గీ ఫిల్టర్ ఉతికినా ఏం గాదు, గంజి అక్కర్లేదు. నువ్వే బిగించు. గా దినం నేను అరవకుండ ఉండాల్సింది. నువ్వన్నది గూడ నాకు యాదికున్నది, గది వేరే ముచ్చట. రేపు చీరలియ్యనీకి బస్సుల పోతవా, నా ఎనక కూసుంటవా? జర మగ్గం ఆపి చెప్పు."