చాచీ పాడు చేసిన ఫొటోలు

ఫొటో చాచీ పోయిన సంగతి నాకు మొన్న కూరగాయల అంగడిలో తెలిసింది. అప్పటికే నాలుగు రోజులైంది. కబురు చేయలేదని కోపగించుకునే ఓపిక కూడా లేదు. చేయడానికి మా వీధివాళ్లు ఒకచోట మిగిలితేగా!

మా వీధి మీదుగా పోయే బొంబాయి సడకు వెడల్పు చేసేటప్పుడు, కూలగొట్టే ప్రతి ఇంటికీ లోపలా బయటా ఫొటోలు కావాలన్నారు రోడ్ల దఫ్తరువాళ్లు. బయటివి మా పొరుగున స్టూడియో నడిపే చాచా తీశారు. లోపల ఘోషా స్త్రీలూ వంటిళ్లూ ఉంటే మగవాళ్లు పోలేరు. అందుకని ఆయన భార్య, మా చాచీ, బురఖా మీద కెమెరా సంచి తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఆమె ఫొటో ఇచ్చిన వారానికల్లా గడ్డపారలు వచ్చేవి. ఆమెను చూస్తే జనం తలుపులు వేసుకునేవారు. ఒకసారి నేనూ వేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఫొటో అంటే మావాళ్లు గోడలకు సున్నం కొట్టి, పక్కింటి కుర్చీలు తెచ్చి వేసేవారు. చాచీకి ఒళ్లు మండేది. "గీ కుర్చీలు ఎవలియి? ఇచ్చి రాపోన్రి. ఇల్లు ఎట్లున్నదో గట్లనే ఉండనియ్యిన్రి" అనేవారు. సాయంత్రం మా అరుగు మీద కూలబడి, "ఇండ్లు చూసి చూసి కండ్లు గుంజుతున్నయి బిడ్డా" అంటూ మంచినీళ్లడిగేవారు.

మా వంతు వచ్చిన రోజున మా అక్క నిండు చూలాలు. నాన్న లేరు. చాచీ అక్కను చూసి, "కాన్పు ఎన్నడు?" అని అమ్మనడిగారు.

"ఇంక పదిహేను దినాలట. బాలింతను తీస్కొని యాడికి పోవాల్నో తెలుస్తలేదు" అని అమ్మ ఏడ్చింది.

చాచీ లోపల ఫొటోలు తీసి వెళ్లారు. నాలుగు రోజులకు ఫిల్ము కడిగితే ఏమీ రాలేదని దఫ్తరులో చెప్పారు. మళ్లీ తీశారు. మళ్లీ చెడింది. మూడోసారి చీకటి గదిలో వెలుతురు పడిందన్నారు. ఆడవాళ్లకు ఈ పని చేతగాదని ఇంజనీరు పదిమందిలో అరిచాడు. ఆమెకు రావాల్సిన కోహీర్ ఊరి వైపు ఇళ్ల పని వేరేవాళ్లకు ఇచ్చేశాడు. తన పనితనం మీద ఎంతో గీర ఉన్న చాచీ, తల వంచుకుని విని వచ్చేశారు. చాచా మాత్రం మా అమ్మతో, "ఆమె చెయ్యి తప్పంగ నేనైతే ఎన్నడు చూడలే" అన్నారు.

అక్కకు పాప పుట్టింది. ఇరవైయొకటో రోజున తొట్టెలో వేశాం. మర్నాడు చాచీ తనంత తానే వచ్చారు. "ఇయ్యాల మంచిగొస్తది. ఇగ ఆపుడు నాతోని గాదు" అన్నారు. అమ్మ ఆమె చేతులు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అప్పటికే సామాను మూటలు కట్టేశాం. ఫొటోలో మనుషులు ఉండొద్దని దఫ్తరు హుకుం. చాచీ మమ్మల్నందరినీ బయటికి పంపి, పాపను మాత్రం గుడ్డల్లో చుట్టి మూటల మధ్య పడుకోబెట్టారు. "అడిగితె బట్టల మూట అంట. ఫికర్ చెయ్యకున్రి" అన్నారు.

వారానికి ఇల్లు పోయింది. మా వంటిల్లు ఉన్నచోట ఇప్పుడు లారీలు పోతుంటాయి. ఆమె రుణం తీర్చుకోలేదు సరికదా, ఎదురుగా ఒక మంచిమాటైనా చెప్పలేదు. ఇప్పుడు ఎవరితో చెప్పను?

చాచీ మాకిచ్చిన కాపీని నిన్న పెట్టెలోంచి తీసి చూశాను. మసిబారిన గోడ, చల్లారిన పొయ్యి, నేలంతా మూటలు. ఒక మూటలోంచి చిన్న పిడికిలి బయటికి వచ్చి ఉంది.