తెడ్డు చివర నాన్న

మా బావ నోరు మూసుకుని ఉండగా చూడడం ఈ జన్మలో జరగదనుకున్నాను. మహమ్మారి వచ్చి ఆ ముచ్చట కూడా తీర్చింది.

బావది వీధి మలుపులో పిజ్జా దుకాణం. కింద కొట్టు, పైన కాపురం, రెండింటికీ మధ్య సగంలో మలుపు తిరిగే ఇరుకు మెట్లు. పిండిని గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ, వచ్చినవాళ్లను కబుర్లలో పెట్టి, ఒకటి తిందామని వచ్చినవాడికి రెండు తినిపించి పంపే మనిషి. వసపిట్ట అని మా అక్క పెట్టిన పేరు. పెళ్లయిన కొత్తలో ముద్దుగా పిలిచేది, తర్వాత్తర్వాత విసుగ్గా పిలిచింది.

అంతా మూతబడ్డాక కుర్చీలు బోర్లాపడి బల్లలెక్కాయి. పనివాళ్లు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. నా సెలూన్ కూడా మూతబడింది. ఒకరి తల ఇంకొకరు పట్టుకునే రోజులా అవి? కత్తెర మూలన పడేసి, బావ పిజ్జాలను సైకిల్ మీద ఇళ్లకు చేరవేసే పనికి దిగాను. బావ గుమ్మానికి అడ్డంగా బల్ల వేశాడు. పొయ్యిలోకి పిజ్జాను తోసే పొడుగాటి చెక్క తెడ్డు ఉంటుంది కదా, దాని చివర డబ్బా పెట్టి, దూరం నుంచే జనానికి అందించేవాడు. చీజ్ దొరకని వారం ఉల్లిపాయలు దట్టించేవాడు. పిండి సరిగా దొరకని వారం పిజ్జాలు చిన్నవయ్యేవి. "పిజ్జా కూడా భయపడి ముడుచుకుందా ఏంటి?" అని ఒకాయన అడిగాడు. పాత బావైతే దానికి అరగంట బదులిచ్చేవాడు. ఈ బావ మాట్లాడకుండా తెడ్డు వెనక్కి లాక్కున్నాడు.

బావ భయమంతా పైన ఉన్న అత్తయ్య గురించి, అంటే వాళ్లమ్మ గురించి. ఆవిడ ఊపిరితిత్తులు మామూలు రోజుల్లోనే మొరాయించేవి. పగలంతా పదిమంది మధ్య తిరిగేవాడు పైకి వెళ్తే ఆవిడ దక్కదని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. దాంతో బావ పిండి బస్తాల గదిలోనే పక్క వేసుకున్నాడు.

"కొట్టు మూసేయ్ బావా. పైకెళ్లి హాయిగా పాపతో ఆడుకో" అన్నాను.

"మూస్తే వాళ్లేం తింటార్రా? పైన పొయ్యి వెలగాలంటే కింద పొయ్యి ఆరకూడదు" అన్నాడు.

అలా పైకి పోలేక, బయటపడలేక ఆ పొయ్యి చుట్టూ గానుగెద్దులా తిరిగేవాడు.

వాళ్ల పాపను అందరం బుడంకాయ అంటాం. బావ కింద చిక్కుబడేనాటికి అది ఇంకా పాకుతోంది, మాటలు రాలేదు. మేడ కిటికీలు వెనక సందులోకి ఉంటాయి. బావ ఒకసారి ఆ సందులోకి వచ్చి చెయ్యూపితే, ఆ మాస్కూ టోపీ చూసి జడుసుకుని గుక్కపట్టి ఏడ్చింది. ఇంక ఆ ప్రయత్నం చేయలేదు. పూటపూటా మెట్ల మలుపుకు ఇవతలే నిలబడి, ఊపిరి బిగబట్టి, తెడ్డు మీద పళ్లెం పెట్టి పైకి తోసేవాడు. పైనున్నవాళ్లకు తెడ్డు చివర తప్ప ఏమీ కనిపించదు. అక్క పళ్లెం తీసుకుంటూ, "నాన్న వచ్చాడు చూడు, నాన్న" అని పాపకు చెప్పేది.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి బావ కళ్లు మెరుస్తున్నాయి.

"నాన్నా అని పిలిచిందిరా. నేను కనబడకపోయినా పోల్చుకుంది. ఎంతైనా నా కూతురు కదా" అన్నాడు.

ఆ రోజు నుంచి వసపిట్టకు మళ్లీ గొంతు లేచింది. డబ్బా అందుకునే ప్రతివాడికీ ఆ సంగతే. పిండి కూడా ఎగరేశాడు, చూడడానికి నేను తప్ప ఎవరూ లేకపోయినా.

నేను సందులోకి వెళ్లి, అక్కను కిటికీ దగ్గరికి పిలిచి, ఈ వైభోగమంతా చెప్పాను. అక్క నవ్వలేదు.

"అది పిలిచేది మీ బావను కాదురా, ఆ తెడ్డును. నా చేతిలో గరిటె చూసినా నాన్నే, చీపురు కర్ర చూసినా నాన్నే" అంది.

"ఫోన్లో చూపించు మరి."

"ఫోన్లో ఎవరు కనబడ్డా దానికి తాతే."

నాకు నవ్వు ఆగలేదు. ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోకుండా సందు మధ్యలో పగలబడి నవ్వాను. అక్క కిటికీలోంచి కిందికి వంగి, "మీ బావకు చెప్పకురా. ఆ ఒక్క పిలుపు పట్టుకుని నెట్టుకొస్తున్నాడు" అంది. అప్పుడు ఆగింది నా నవ్వు.

నా నోట్లో నువ్వుగింజ నానదు, అది నా వృత్తిలోనే ఉంది. అలాంటిది ఆ మాట మాత్రం దాచాను. బావ ఆ పిలుపు సంగతి ఎత్తినప్పుడల్లా నిండుగా ఉన్న సైకిల్ టైరుకే మళ్లీ గాలి కొట్టేవాణ్ని.

చివరికి అత్తయ్యకు టీకాలు పడ్డాయి. ఇక పైకి వెళ్లొచ్చని డాక్టరు చెప్పాడు. బావ కొట్టులోనే కుర్చీ దించుకుని కూర్చున్నాడు.

"గడ్డం నున్నగా గియ్యరా. ఎత్తుకుంటే గుచ్చుకోకూడదు."

"చిన్నపిల్ల కదా బావా, కొత్త చేస్తుందేమో" అన్నాను మెల్లగా.

"రోజూ పిలిచేది కొత్తెందుకు చేస్తుందిరా?" అన్నాడు.

మెట్లు గబగబా ఎక్కాడు, ఉత్త చేతులు ముందుకు చాచి. వెనకాలే నేను. బుడంకాయ గోడ పట్టుకుని నిలబడి ఉంది. బావను ఎగాదిగా చూసింది. పక్కకు వంగి ఆయన వెనక ఉన్న మలుపు వైపు చూసింది. "నాన్న?" అంది. అక్కడ ఏమీ లేకపోయేసరికి పెదవి విరిచి, అక్క మెడ కరుచుకుని ఏడుపు లంకించుకుంది.

"ఎవరిని వెతుకుతోంది?" అన్నాడు బావ.

అక్క నన్ను చూసింది. నేను గోడను చూశాను.

మేం దాస్తున్నామని తెలియని అత్తయ్య మంచం మీంచే, "నీ తెడ్డునురా. దాన్నేగా అది నాన్నా అనేది" అంది.

బావ చాచిన చేతులు దించుకుని కిందికి వెళ్లిపోయాడు. ఇక ఈ పూట పైకి రాడనుకున్నాను. కాసేపటికి మలుపు దాటి తెడ్డు చివర పైకి వచ్చింది, పళ్లెం లేకుండా. బుడంకాయ ఏడుపు మానేసింది. అక్క చేతుల్లోంచి జారి, తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి, రెండు చేతులతో దాన్ని పట్టుకుంది.

"నాన్న" అంది.

తెడ్డు అక్కడే ఆగింది.

"దాన్ని పట్టుకునే మెల్లగా పైకి రా బావా" అన్నాను.

"వద్దులేరా" అంది మలుపు వెనక నుంచి బావ గొంతు. "నేను వస్తే వదిలేస్తుంది."