నీరజ ఇంటి అంతర తామర

నీరజ ఏడవలేదని స్టేషన్ ఘన్‌పూర్‌లో మా వాడకట్టంతా చెవులు కొరుక్కుంది. నాకైతే ఒళ్ళు మండింది. ఏడుపేమన్నా నల్లా తిప్పితే వచ్చేదా? పక్కింటిదాన్ని, చూసినదాన్ని నేను. ఆమె మొగుడు ఎల్లేశ్ ఆటో స్టాండులోనే గుండె ఆగి పోయాడు. పొద్దున సద్ది కట్టి పంపింది, మధ్యాహ్నానికి మనిషిని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. అప్పటినుంచి మొద్దుబారిపోయింది. పిలిస్తే పలికేది, పెడితే తినేది, అంతే.

ఎల్లేశ్‌కు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న ఒక్క పిచ్చీ చేపల తొట్టి. అదీ చేపల మీద కాదు, పైన తేలే అంతర తామర మీద. బుజ్జి క్యాబేజీల్లాంటి మొక్కలు. మట్టి అక్కర్లేదు, వేళ్ళు నీళ్ళలోకి వేలాడుతుంటాయి. హనుమకొండ నుంచి కవర్లో వేసుకొచ్చాడు. మూతకు పట్టిన నీటి చుక్కలు ఆకుల మీద పడితే కుళ్ళిపోతాయని మూతే తీసేశాడు. నీళ్ళు కూడా ఒక్కసారిగా మార్చేవాడు కాదు, పాత నీళ్ళలోనే వాటి బలమంతా ఉందట. అవేమో ఇట్టే పిల్లలు పెట్టి తొట్టంతా కమ్మేసేవి. అప్పుడు నీరజ కుట్టుమిషన్ మీదినుంచి తల ఎత్తకుండానే కేకేసేది.

"ఇగో, నిండినయ్! చేపలకు వెల్తురు లేదు, జర తియ్యరాదు!"

సగం తీసి సగం ఉంచేవాడు. తీసినవి పారేయడానికి చేతులు రాక వాడకట్టంతా పంచేవాడు. "రాజమణక్కా, నీ గోలెంల ఎయ్యి" అని నాకూ అంటగట్టాడు. బర్రెలు తాగే గోలెంలో ఇదెక్కడి గోలరా అని తిట్టి, ఇంటి వెనుక వాడని నీళ్ళ గాబులో పడేశాను.

శవం లేచాక ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచకూడదు కదా. బిందెలు, డ్రమ్ములు బోర్లించి ఇల్లు కడగాలి. ఎల్లేశ్ తల్లి లచ్చమ్మ కళ్ళ నీళ్ళు కుక్కుకుంటూ దగ్గరుండి అన్నీ చేయించింది. బిందెలయ్యాక ఆడవాళ్ళు తొట్టి మీద పడ్డారు.

"గవి తాగే నీళ్ళు గావు అత్తమ్మా," అంది నీరజ మెల్లగా. "ఆయన పెంచిన చెట్లు. గవన్న ఉండనియ్యుండ్రి."

"ఇంట్ల నీళ్ళే గదా బిడ్డా. మైల నీళ్ళు ఉంచుతరా ఎవరన్న?" అంది లచ్చమ్మ.

చేపల్ని బకెట్లో వేశారు. మొక్కలు మోరీలో పడ్డాయి. నేను చీపురుతో ఆపబోయేసరికి వెనుకనుంచి డ్రమ్ము కుమ్మరించారు, అన్నీ కొట్టుకుపోయాయి. నీరజ గడపలో నిలబడి చూసింది. లచ్చమ్మను కడిగేద్దామనుకున్నాను గానీ, కొడుకు పోయిన తల్లిని ఏమంటాను?

దినాలయ్యాక గానీ నా గాబు గుర్తు రాలేదు. పోయి చూద్దును కదా, ఓరి దేవుడా, గాబు నిండా అంతర తామర! నేను ఒక్కనాడూ వాటి మొహం చూసిన పాపాన పోలేదు. ఆ గాబు నీళ్ళతోనే కొన్ని బకెట్లోకి ఎత్తి, తీసుకెళ్ళి ఖాళీగా ఉన్న ఎల్లేశ్ తొట్టిలో పోశాను.

నీరజ తొట్టి దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఇవి జూస్తె ఏడుపస్తదనుకున్న అక్కా. అస్తలేదు. నాకేమైంది?"

పక్కన కూర్చున్నాను.

తర్వాత మళ్ళీ మిషనెక్కింది. ఎవరేమిస్తే అది కుట్టింది. లచ్చమ్మ మూల మంచంలో గోడవైపు తిరిగి పడుకునేది. ఒకే ఇంట్లో ఉన్నారన్న మాటే గానీ ఇద్దరి మధ్య పలుకు లేదు. మొక్కలు మాత్రం తమ పాటికి తాము పెరిగాయి.

మొన్న నా జాకెట్ తెచ్చుకుందామని వెళ్ళాను. మిషన్ టకటకా నడుస్తోంది. నీరజ బట్ట మీదినుంచి చూపు తిప్పకుండానే కేకేసింది.

"ఇగో, నిండినయ్! జర తియ్యరాదు!"

మిషన్ ఆగిపోయింది.

అప్పుడు లచ్చమ్మ మంచం దిగింది. కొంగు నడుముకు దోపుకుని తొట్టిలో చెయ్యి పెట్టింది.

"నేను తీస్త బిడ్డా. ఎన్ని తియ్యాలె?"

"సగం," అంది నీరజ. "సగం ఉంచాలె అత్తమ్మా."

అని, కుడుతున్న బట్ట మీదే తల వాల్చి బావురుమంది. లచ్చమ్మ తడి చేతులతోనే ఆమెను ఒళ్ళోకి లాక్కుని తానూ ఏడ్చింది. తీసిన మొక్కల్ని నేను గిన్నెలోకి ఎత్తుకుని వాడకట్టులో పంచడానికి బయలుదేరాను.