మాత్ర లేని వైద్యం

విజయనగరంలో మా అత్తగారు పోయాక ఇక్కడ, ఈ బెంగాలీ ఊళ్ళో, నా భార్య మంచం దిగడం మానేసింది. వంట నేనే చేసి వర్క్‌షాప్‌కి పోయేవాణ్ణి. తిరిగొచ్చేసరికి పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. డాక్టరు చూసి డిప్రెషన్ అన్నాడు. మందులు ఇప్పుడే వద్దు, ముందు కౌన్సెలింగ్ చేయించండని ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక బెంగాలీ ఆవిడ దగ్గరికి పంపాడు.

సూది లేదు, మాత్ర లేదు. తలుపు వేసుకుని మాట్లాడుకోవడమే. నాకది వైద్యంలా అనిపించలేదు. బయట బెంచీ మీద కూర్చుని చెవులు రిక్కించేవాణ్ణి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ అంతసేపు ఏం చెబుతోంది? నా మీద చాడీలేనని అనుమానం.

ఒకరోజు ఆటోలో అడిగేశాను. "నా గురించి ఏటి సెప్పినావు?"

"నీ గురించి సెప్పడానికేటుంది?" అని అటు తిరిగి కూర్చుంది. నేను నమ్మలేదు.

తర్వాత ఆ కౌన్సెలింగ్ దీదీ, ఒకప్పుడు ఇష్టమైన పని ఏదైనా మనసు లేకపోయినా రోజూ కాసేపు చేయమందట. నా భార్య సైకిలు తొక్కుతానంది. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, పుట్టింటివాళ్ళు విజయనగరం వెళ్ళిపోయింది మా పెళ్ళయ్యాకే; చిన్నప్పుడు ఊరంతా సైకిలు మీదే తిరిగేదట. ఆ ముక్కే నాకు తెలీదు. పక్కింట్లో సైకిలు అడిగి తెచ్చాను గానీ, లోపల గుబులే. ఇలాంటి మనిషిని ఒంటరిగా రోడ్డెక్కించడమేమిటి? ఆవిడేదో నూరిపోస్తోందనుకున్నాను.

ఒక ఆదివారం వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. ఫోను ఇంట్లోనే ఉంది. మలంచా రోడ్డంతా వెతికి సాలువా వైపు పోయాను. పంక్చర్ షాపు దగ్గర బెంగాలీలో కేకలు. నా భార్యే! పాత ట్యూబు వేసి కొత్తదంటావా అని షాపువాణ్ణి దులిపేస్తోంది. తనకి కోపం రాగా చూసి ఎంతకాలమైందో.

"ఎందుకొచ్చినావు? పారిపోనాననుకున్నావేటి?" అంది నన్ను చూసి.

కాదన్నాను. నిజానికి అంతకన్నా చెడ్డదే అనుకున్నాను.

సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే తనే చెప్పింది. "ఆఖర్న మా యమ్మని సూడ్డానికి ఎల్లలేకపోనాను కదా. దీదీ దగ్గర అదే సెప్పుకుంటాను. ఏడుపొస్తాది. ఇంట్లో ఏడిస్తే నువ్వు బెదిరిపోతావు."

ఇప్పుడు వండుతోంది, తింటోంది. అప్పుడప్పుడూ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటుంది. అలాంటప్పుడు దీదీ దగ్గరికి నేనే బయల్దేరదీస్తాను. మొన్న దీదీ నన్నూ లోపలికి పిలిచి కుర్చీ చూపించింది.

"దాదా, మీరెలా ఉన్నారు?" అని అన్నని అడిగినట్టు అడిగింది.

ఎందుకడుగుతోందా అని ఆవిడ మొహంలోకి చూశాను. "ఠీక్ హై" అన్నాను. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.